‘చేయించుకొను’ కథానాయకుడు: బేస్‌బాల్ వీడియో గేమ్‌లో ట్రేడ్ అభ్యర్థన

ఉద్యోగి స్థానచలనాన్ని తెలపడానికి తెలుగులో మూడు వాక్యాలు వాడుకలో ఉన్నాయి: ‘బదిలీ అయ్యాడు’, ‘బదిలీ చేశారు’, ‘బదిలీ చేయించుకున్నాడు’. మొదటి వాక్యంలో ఆ పని ఎవరి వల్ల జరిగిందో తెలియదు. రెండవదానిలో కర్తృత్వం అధికారానిది. మనిషి కర్మస్థానంలో ఉంటాడు. మూడవ వాక్యం ఈ రెంటికంటె క్లిష్టమైనది. ప్రేరణార్థకమైన ‘ఇంచు’, ఆత్మార్థకమైన ‘కొను’ రెండూ ఒకే క్రియను ఆశ్రయించాయి. పని చేసేది మరొకరు, చేయించేది ఇతడు, ఫలం దక్కేది ఇతడికి. సంతకం పెట్టిన అధికారి ఎవరో వాక్యంలో చెప్పనక్కరలేదు, వినేవారు ఊహించుకుంటారు. ‘పైరవీ’ అనే మాట ఆ ఖాళీని పూరించడానికే ఉన్నట్లుంటుంది.

అమెరికన్ బేస్‌బాల్‌ను అనుకరించే ‘ఎంఎల్‌బీ ది షో’ అనే వీడియో గేమ్‌లో ఈ మూడవ వాక్యానికి సరిపోయే ఘట్టం ఒకటి ఉంది. సోనీ సంస్థకు చెందిన శాన్ డియేగో స్టూడియో నిర్మిస్తున్న ఈ గేమ్ పరంపర 2006లో మొదలైంది. ఏటేటా కొత్త సంచిక వెలువడుతోంది. ఇందులో ‘రోడ్ టు ది షో’ అనేది కెరీర్ మోడ్. ఆడేవారు ఒక క్రీడాకారుణ్ణి సృష్టించి, అతని వృత్తిజీవితాన్ని తొలి మెట్టు నుండి నడుపుతారు. ఆ క్రీడాకారుడు తన జట్టును విడిచి మరొక జట్టుకు పోదలచుకుంటే ఆ సంగతిని ఏజెంటుకు విన్నవించుకోవాలి. క్లబ్ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆడేవారిలో చాలామందికి ఇది నిర్మాణలోపంగా తోస్తుంది. కంట్రోలర్ తమ చేతిలోనే ఉన్నప్పుడు కోరిన జట్టులోకి ఎందుకు చేరలేరన్నది వారి ప్రశ్న. ఈ వ్యాసం దీనికి భిన్నమైన వాదాన్ని ప్రతిపాదిస్తుంది. అభ్యర్థన నెరవేరకపోయే అవకాశమే ఈ మోడ్‌కు కథాగౌరవాన్ని ఇస్తున్నది. దాని అసలైన వెలితి మరొక చోట ఉంది. వెళ్లిపోతానన్న కోరికకు నోరిచ్చిన ఈ గేమ్, వెళ్లనన్న మాటను కథాఘట్టంగా ఊహించలేదు.

పరిభాష విషయం ముందుగా కొంత చెప్పుకోవాలి. ‘ట్రేడ్’ అనే మాటను ఇక్కడ అలాగే ఉంచవలసి వస్తుంది. ‘బదిలీ’ అంటే ఒకే యజమాని కింద చోటు మారడం. ‘వర్తకం’ అంటే సరుకు కళ్లముందు మెదులుతుంది. ‘వినిమయం’ అర్థానికి దగ్గరైనా, మైదానంలో ఎవరి నోటా పలకదు. బేస్‌బాల్‌లో ట్రేడ్ అంటే ఒక క్లబ్ తన క్రీడాకారుడి ఒప్పందాన్ని మరొక క్లబ్‌కు ఇచ్చి, ప్రతిగా వేరే క్రీడాకారుల ఒప్పందాలనో సొమ్మునో తీసుకోవడం. అమ్మకం, బదిలీ, వస్తుమార్పిడి మూడూ ఇందులో కలిసి ఉన్నాయి. తెలుగు పత్రికల క్రీడాపుటలు ఐపీఎల్ వేలం వేళ ‘అమ్ముడుపోయాడు’, ‘అమ్ముడుపోలేదు’ అని జంకులేకుండా రాస్తున్నాయి. మనిషిని గురించి ఆ క్రియ వాడేటప్పుడు భాషకు కలగవలసిన ఇబ్బంది ఇప్పుడు కలగడం లేదన్నది గమనార్హం. ఇక ఈ వ్యాసంలో ‘క్రీడాకారుడు’ అంటే తెర మీది పాత్ర. ‘ఆడేవారు’ అంటే తెర ఇవతల కంట్రోలర్ పట్టుకున్న వ్యక్తి. 2024 సంచిక నుండి ఆ పాత్ర స్త్రీగానూ ఉండవచ్చు. ఇక్కడి పుంలింగం సౌకర్యం కోసమే.

ఈ ఇద్దరి సంబంధాన్ని తోలుబొమ్మలాటతో పోల్చవచ్చు. పోలిక కొంతదూరమే సాగుతుంది. బొమ్మలాటలో తెర వెనుక ఉన్నవాడు అన్ని బొమ్మలనూ ఆడిస్తాడు, అన్ని గొంతులూ పలుకుతాడు. ‘రోడ్ టు ది షో’లో ఆడేవారి చేతిలో ఒకే బొమ్మ ఉంటుంది. మ్యాచ్ కూడా సాధారణంగా పూర్తిగా కనిపించదు. తన వంతు బ్యాటింగ్, తనవైపు వచ్చిన బంతి, బేస్‌ల మధ్య తన పరుగు, ఇవే తెర మీదికి వస్తాయి. మిగిలినదంతా గేమ్ లోలోపలే లెక్కకట్టి ముగిస్తుంది. కథనశాస్త్ర పరిభాషలో ఇది ఒకే పాత్రకు పరిమితమైన దృష్టికోణం. సహచరుడు బాగా ఆడాడా, మేనేజర్ మనసులో ఏముంది, క్లబ్ ఎవరితో మంతనాలు జరుపుతోంది అన్నవి క్రీడాకారుడికి తెలియవు. కనుక ఆడేవారికీ తెలియవు. ఈ పరిమితిని విస్మరించి ట్రేడ్ ఘట్టాన్ని విడిగా తీసుకున్నప్పుడే అది లోపంగా కనిపిస్తుంది.

క్రీడాకారుడు మైనర్ లీగ్‌లలో డబుల్-ఏ, ట్రిపుల్-ఏ స్థాయిలు దాటి మేజర్ లీగ్ చేరాలి. ‘ది షో’ అన్నది మేజర్ లీగ్‌కు క్రీడాకారుల వాడుకపేరు. దశరూపక సంప్రదాయం కార్యానికి చెప్పిన అయిదు అవస్థలలో చివరిదైన ఫలాగమం మోడ్ పేరులోనే సూచితమైంది. ట్రేడ్ కోరిక సాధారణంగా మూడవ అవస్థ అయిన ప్రాప్త్యాశ దగ్గర తలెత్తుతుంది. ఫలం కనిపిస్తూ ఉంటుంది, అందదు. ఉదాహరణకు క్రీడాకారుడు మూడవ బేస్ దగ్గర ఆడేవాడనుకోవాలి. ట్రిపుల్-ఏలో అతని సామర్థ్యాంకెలు పెరుగుతూనే ఉంటాయి. పైన మేజర్ లీగ్ జట్టులో అదే స్థానంలో పేరుమోసిన ఆటగాడు దీర్ఘకాలిక ఒప్పందంతో ఉంటాడు. క్లబ్‌కు తొందర లేదు. నిజమైన బేస్‌బాల్‌లోనూ ఇది పాత సమస్యే. ప్రతిభావంతుల్ని ఒకే క్లబ్ మైనర్ లీగ్‌లలో ఏళ్లతరబడి నిలిపి ఉంచకుండా, వారిలో కొందరిని ఇతర క్లబ్‌లు ఎంచుకునేందుకు ‘రూల్ 5 డ్రాఫ్ట్’ అనే ఏర్పాటు ఉన్నది అందుకే.

కోరికకు ఇతర కారణాలూ ఉంటాయి. ఓడిపోతున్న జట్టులో ఎంత ఆడినా అక్టోబరు మ్యాచ్‌లకు చేరరు. ఆడేవారు చిన్ననాటి నుండి అభిమానించే క్లబ్ వేరే ఉండవచ్చు. కొందరి దృష్టి మైదానం మీద ఉంటుంది. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. పలుచని గాలిలో బంతి మరింత దూరం పోతుంది కాబట్టి బ్యాటర్‌కు అక్కడికి చేరాలని ఉంటుంది. ఈ కారణాలలో మొదటిది క్రీడాకారుడిది, రెండవది పూర్తిగా ఆడేవారిది. అభిమానం తెర ఇవతలిది. పాత్రకు బాల్యమే లేదు. పాత్ర చేత తన కోరికను పలికించడం కవులకు కొత్త కాదు. కానీ ఇక్కడ పాత్ర పలికిన ఆ మాటను గేమ్ ఒక అభ్యర్థనగా స్వీకరించి, నిజమైన అభ్యర్థనకు పట్టే గతినే పట్టిస్తుంది. ఆడేవారి అసంతృప్తికి మూలం ఇదే. రచయిత స్థానంలో ఉన్నామనుకున్నవారు అర్జీదారు స్థానంలోకి జారిపోతారు.

అర్జీ మోసుకుపోయే ఏజెంటు పాత్రను పరిశీలించడానికి కౌటిల్యుని దూతవిభాగం అక్కరకు వస్తుంది. అర్థశాస్త్రం దూతలను మూడు తెగలుగా చూపింది: స్వతంత్రంగా వ్యవహరించి కార్యం చక్కబెట్టే నిసృష్టార్థుడు, నిర్దిష్టమైన పనికి మాత్రమే అధికారం గల పరిమితార్థుడు, సందేశాన్ని అందజేసి వచ్చే శాసనహరుడు. నేటి బేస్‌బాల్‌లో పేరున్న ఏజెంటు కనీసం పరిమితార్థుడు. బేరమాడతాడు, పత్రికలకు లీకులిస్తాడు, ఒప్పందం ముగిసే గడువును ఆయుధంగా చూపుతాడు. గేమ్‌లోని ఏజెంటు శాసనహరుడి స్థాయిని దాటడు. సంచికను బట్టి ఈ సన్నివేశం రూపం మారింది. అయితే చెప్పుకోవడం, వేచి ఉండడం, ఫలితం వినడం అనే క్రమం మాత్రం నిలిచే ఉంది. తెలుగు ప్రేక్షకులకు రాయబారమంటే తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ గుర్తుకు వస్తాయి. రాయబారం విఫలమవుతుందని సభలో కూర్చున్న ప్రతివారికీ తెలుసు. అయినా పందిళ్లు నిండాయంటే, ఎదుటి పక్షం నోరు విప్పి తన వాదం వినిపించే చోటు అదే కావడం కారణం. గేమ్‌లోని రాయబారంలో కౌరవసభ లేదు. దూత తెర వెనక్కి పోతాడు, ఫలితంతో తిరిగి వస్తాడు. ‘ఈ జట్టుకు నీ అవసరం ఉంది’ అనో, ‘నీకు బదులు ఇవ్వజూపింది చాలలేదు’ అనో చెప్పే ముఖం ఒక్కటైనా ఎదురుపడదు. తిరస్కారం ఉండడం ఈ మోడ్ బలమని ముందు అన్నదానికి ఇక్కడ ఒక సవరణ అవసరం. అది హేతువు చెప్పని తిరస్కారం కనుకనే ఆడేవారు దాన్ని కథగా కాక సాంకేతిక లోపంగా చదువుతున్నారు.

ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఆ సభ అదే డిస్క్‌లో మరొక చోట ఉంది. ‘ఫ్రాంచైజ్’ మోడ్‌లో ఆడేవారు క్లబ్ జనరల్ మేనేజర్ పీఠం మీద కూర్చుంటారు. ట్రేడ్ తెర మీద రెండు పక్షాల క్రీడాకారులు ఎదురెదురుగా పేర్చి ఉంటారు. వయస్సు, ఆడే స్థానం, ఒప్పందంలో మిగిలిన ఏళ్లు, జీతం, సామర్థ్యాంకె అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ప్రతిపాదన ఎదుటి క్లబ్‌కు ఎంతవరకు నచ్చుతుందో తెలుస్తుంది. అక్కడ అభ్యర్థన అనే మాటే వినిపించదు. ఒక పేరును జాబితాలోకి లాగడం, తీసివేయడం మాత్రమే ఉంటాయి. వీడియో గేమ్ నియమాల ద్వారా వాదిస్తుందని ఇయాన్ బోగోస్ట్ 2007 నాటి తన గ్రంథం ‘పర్స్వేసివ్ గేమ్స్’లో ప్రతిపాదించాడు. ఆ దృష్టితో చూస్తే ఈ రెండు మోడ్‌లూ ఒకే లావాదేవీకి ఎదురుబొదురు వ్యాఖ్యానాలు. ఒకదానిలో ట్రేడ్ అంకెల పొందిక, మరొకదానిలో నిరీక్షణ. సాయంత్రం ఫ్రాంచైజ్ మోడ్‌లో ఒక్క క్షణమైనా ఆలోచించకుండా ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి మరొక నగరానికి పంపినవారే, రాత్రి కెరీర్ మోడ్‌లో తమవాడి అభ్యర్థనను క్లబ్ పట్టించుకోలేదని వాపోతారు. ఈ రెంటినీ కలిపి చదివే అవకాశం గేమ్‌లో ఉంది. ఆ రెంటి నడుమ తలుపు మాత్రం తీయలేదు.

వెళ్లిపోవాలనుకున్నవారు కనిపెట్టే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. కావాలని చెడుగా ఆడి క్లబ్‌కు విసుగు తెప్పించాలనుకోవడం వాటిలో ఒకటి. ఇది సాధారణంగా బెడిసికొడుతుంది. చెడుగా ఆడేవాణ్ణి వదిలించుకోవాలని ఒక క్లబ్‌కు ఉండవచ్చు. తీసుకోవాలని మరొక క్లబ్‌కు ఉండదు. ఒప్పందం ముగిసేదాకా ఓర్చుకుని ఫ్రీ ఏజెంట్‌గా కోరిన చోటికి పోవడం మరొక దారి. నిజజీవితంలో మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండినవారికి ఆ హక్కు ఉంది. ఆ హక్కు ఎక్కడిదన్న ప్రశ్న వేసుకుంటే కథ 1969కి మళ్లుతుంది.

ఆ సంవత్సరం అక్టోబరు 7న సెయింట్ లూయీ కార్డినల్స్, ఫిలడెల్ఫియా ఫిలీస్ క్లబ్‌ల మధ్య ఏడుగురు క్రీడాకారుల ట్రేడ్ జరిగింది. అందులో ముఖ్యులు ఇద్దరు. ఫిలడెల్ఫియా నుండి డిక్ అలెన్. సెయింట్ లూయీ నుండి కర్ట్ ఫ్లడ్. ఇద్దరూ నల్లజాతి క్రీడాకారులే. అలెన్ ఫిలడెల్ఫియా నుండి బయటపడాలని తపించినవాడు. ప్రేక్షకులు వస్తువులు విసురుతుంటే ఫీల్డింగ్‌లో కూడా హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డాడు. 1969లో క్లబ్ అతన్ని కొంతకాలం సస్పెండ్ చేసింది. ఆ రోజులలో అతడు మొదటి బేస్ దగ్గర మట్టిలో బూటుకాలితో మాటలు రాసేవాడు. ప్రేక్షకుల ‘బూ’ అనే ఎగతాళికేకనూ, సీజన్ చివరిరోజైన ‘అక్టోబర్ 2’ తేదీనీ రాశాడు. క్రీడాచరిత్రలో ఇంతకంటె సూటియైన బదిలీ అర్జీ దొరకడం కష్టం. అంత రభసలోనూ అతడు ఆ ఏడాది 32 హోమ్‌రన్‌లు కొట్టాడన్నది మరువరాదు; అర్జీకి బరువునిచ్చింది అదే. కావాలని చెడుగా ఆడే ఉపాయాన్ని నమ్ముకున్నవారు గమనించవలసిన అంశమిది.

ఫ్లడ్ కథ దీనికి విలోమం. కార్డినల్స్ జట్టులో పన్నెండు సీజన్‌లు ఆడాడు. 1964, 1967 వరల్డ్ సిరీస్ విజయాలలో పాలుపంచుకున్నాడు. సెంటర్ ఫీల్డ్‌లో వరుసగా ఏడు గోల్డ్ గ్లవ్‌లు అందుకున్నాడు. తనను ట్రేడ్ చేశారన్న సంగతి అతనికి క్లబ్ ఉద్యోగి ఫోన్ చేస్తే తెలిసింది. ‘రిజర్వ్ క్లాజ్’ అనే నిబంధన వల్ల ఒప్పందాన్ని ఏటా తనంతట తాను పొడిగించుకునే అధికారం అప్పట్లో క్లబ్‌లదే. క్రీడాకారుడు ఆ క్లబ్‌కు ఆడాలి, ఆ క్లబ్ పంపిన చోటికి పోవాలి, కాదంటే ఆట మానుకోవాలి. 1969 డిసెంబర్ 24న ఫ్లడ్ కమిషనర్ బౌయీ కూన్‌కు లేఖ రాశాడు. తన ఇష్టంతో నిమిత్తం లేకుండా కొని అమ్మదగిన ఆస్తిని కానని ఆ లేఖ సారాంశం. కమిషనర్ ఒప్పుకోలేదు. ఫ్లడ్ న్యాయస్థానానికి వెళ్లాడు. 1972 జూన్ 19న అమెరికా సుప్రీంకోర్టు 5–3 ఆధిక్యంతో అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది.

ఆ తీర్పు సాహిత్య విద్యార్థులు చదవదగిన పాఠ్యం. న్యాయమూర్తి బ్లాక్‌మన్ దాని మొదటి భాగంలో బేస్‌బాల్ చరిత్రను కీర్తిస్తూ పూర్వపు ఆటగాళ్ల పేర్లను పెద్ద జాబితాగా కూర్చాడు. ప్రబంధావతారికలోని పూర్వకవిస్తుతిని పోలిన ఈ భాగంతో, ఆధిక్యపక్షంలోని ఇద్దరు న్యాయమూర్తులు ఏకీభవించలేదు. తీర్పులోని మిగిలిన భాగంతోనే కలిశారు. అంత స్తుతి తర్వాత న్యాయస్థానం తేల్చినదేమంటే, బేస్‌బాల్‌ను గుత్తాధిపత్య నిరోధక చట్టం నుండి మినహాయించిన 1922 నాటి నిర్ణయం అసంగతమైనదే అయినా, దాన్ని మార్చవలసినది శాసనసభేనని. ఆటగాళ్ల నామావళిని భక్తితో పఠించిన చేయే ఆటగాడి అభ్యర్థనను తోసిపుచ్చింది. ‘ది షో’ పరంపరలో గతకాలపు మహామహుల కార్డులను పోగుచేసుకునే మోడ్, ఏజెంటు నోట తిరస్కారం వినిపించే మోడ్ ఒకే మెనూలో ఉండడం చూసినప్పుడు ఈ తీర్పు నిర్మాణం స్ఫురించక మానదు.

ఫ్లడ్ ఓడినా దారి మారింది. పదేళ్ల సర్వీసు ఉండి, చివరి అయిదేళ్లు ఒకే క్లబ్‌లో ఉన్నవారు ట్రేడ్‌ను నిరాకరించవచ్చునన్న నియమం 1973 నాటి ఒప్పందంతో వచ్చింది. 1975 డిసెంబర్ 23న మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇచ్చిన నిర్ణయం రిజర్వ్ క్లాజ్ నడ్డి విరిచింది. ఏజెంటు అనే పాత్ర బలం పుంజుకున్నది ఆ తర్వాతనే. గేమ్‌లో అర్జీ మోసుకుపోయే శాసనహరుడు ఆ పోరాటానికి దూరపు సంతతి అన్నమాట.

ఒకే ట్రేడ్‌లో వెళ్లాలనుకున్నవాడూ, వెళ్లనన్నవాడూ ఉన్నారు. చరిత్ర ఇచ్చిన ఈ జంటలో గేమ్ ఒకరినే తీసుకుంది. అలెన్ మార్గానికి కెరీర్ మోడ్‌లో అన్ని హంగులూ ఉన్నాయి. ఫ్లడ్ మార్గంలో క్రీడాకారుణ్ణి అతని ప్రమేయం లేకుండా క్లబ్ ట్రేడ్ చేయడం ఉంది. అది వార్తగా వస్తుంది. మరుసటి మ్యాచ్‌కు కొత్త జెర్సీ సిద్ధంగా ఉంటుంది. ‘చేశారు’ ఉంది, ‘చేయించుకున్నాడు’ ఉంది. ‘చేయనివ్వలేదు’ అనే వ్యతిరేకరూపానికి సన్నివేశం లేదు. వినోదం కోసం తీసిన గేమ్‌లో ఇంత గంభీరత ఎందుకని ఆక్షేపించవచ్చు. 2023 సంచికే దానికి సమాధానం. వర్ణవివక్ష కాలంలో నల్లజాతివారు నడుపుకున్న నీగ్రో లీగ్‌ల కథలను, కాన్సస్ సిటీలోని ఆ లీగ్‌ల మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ గొంతుతో, ఆడదగిన ఘట్టాలుగా ఈ పరంపరే మలచింది. చరిత్రను ఆటలోకి తెచ్చే నేర్పు దానికి ఉంది. ఆ నేర్పును వృత్తిజీవితపు రోజువారీ నియమాలలోకి తేకుండా విడి గదిలో ఉంచింది.

ట్రేడ్ తర్వాతి భాగం ఈ మోడ్‌లో మరీ పలుచన. పాత డ్రెస్సింగ్ రూమ్ నుండి ఎవరూ వీడ్కోలు చెప్పరు, కొత్త నగరంలో ఎవరూ అనుమానంగా చూడరు. కోరిక నెరవేరిన మరుక్షణం నుండి పాత జట్టు అంకెల పట్టికలో ఒక వరుసగా మాత్రమే మిగులుతుంది. అలెన్ జీవితం వేరుగా నడిచింది. కోరి బయటపడినవాణ్ణి ఏడాదికే కార్డినల్స్ లాస్ ఏంజెలెస్‌కు పంపింది. మరుసటి ఏడాది అక్కడి నుండి షికాగో వైట్ సాక్స్‌కు చేరాడు. సుప్రీంకోర్టు ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పిన 1972లోనే అతడు అమెరికన్ లీగ్ అత్యంత విలువైన క్రీడాకారుడిగా ఎంపికయ్యాడు.

బేస్‌బాల్ గణాంక పట్టికలలో ట్రేడ్ అయిన ఏడాదికి రెండు వరుసలుంటాయి, కింద మొత్తం ఉంటుంది. గేమ్‌లోని క్రీడాకారుడి పట్టిక కూడా ఏటేటా అలాగే నిండుతుంది. ఫ్లడ్ పట్టికలో 1969 వరుస కార్డినల్స్‌ది. 1971 వరుస వాషింగ్టన్ సెనేటర్స్‌ది: 13 మ్యాచ్‌లు, 35 అధికారిక బ్యాటింగ్ ప్రయత్నాలు, 7 హిట్‌లు. 1970కి వరుస లేదు. ఫిలడెల్ఫియా పేరు ఎక్కడా లేదు. ‘రోడ్ టు ది షో’లో ఎన్ని సీజన్‌లు ఆడినా, ఒకరు తమ ఇష్టపూర్వకంగా అటువంటి ఖాళీ వరుసను సంపాదించుకునే వీలు కనిపించదు.